ఎవరి చేతిలోనూ లేని పచ్చ జత

సాయికృష్ణ ఉద్యోగం మానేసిన రోజే కంపెనీ పెట్టాడు. కంపెనీకి పేరు పెట్టాడు, బొమ్మ గీయించాడు, తన పేరు కింద రకరకాల హోదాలు అచ్చేయించిన కార్డులు జేబులో వేసుకున్నాడు. ఒక్క కూర్చునే చోటు మాత్రం దొరకలేదు. ఛత్రినాకలో ఇంట్లో కూర్చుందామంటే తల్లి విమలాదేవి చిక్కుడుకాయల చాట తెచ్చి ముందు పెట్టి, "ఊకెనే కూసున్నవు గదరా, జర ఇవి ఒలువు" అనేది. ఒక కంపెనీ అధిపతి చేత చిక్కుళ్ళు ఒలిపించే మనుషులకు టెక్నాలజీ ఎప్పటికి అర్థమవుతుందా అని అతను లోలోపల కుమిలిపోయేవాడు. కుమిలిపోతూనే ఒలిచేవాడు. అదీ పుచ్చులు ఏరకుండా.

అలా కుమిలే రోజుల్లోనే అతని చూపు మేనమామ సోమశేఖర్ దుకాణం మీద పడింది. దుకాణం మీద కూడా కాదు, దాని పైనున్న గది మీద. లాడ్ బజార్‌లో సోమశేఖర్‌ది తాతలనాటి గాజుల దుకాణం. కింద అద్దాల బీరువాలు, లక్క గాజులు, రాళ్ళ తళుకులు, కొనడానికి వచ్చినవాళ్ళూ, కొనకుండా చేతులు నింపుకుని చూసుకునేవాళ్ళూ. పైన గదిలో ఖాళీ అట్టపెట్టెలు, పెచ్చులూడిన అద్దం, ఏ పెళ్ళి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియని ఒక సింహాసనం కుర్చీ. కిటికీ రెక్క తీసి మెడ కాస్త సాగదీస్తే చార్మినార్ కొస కనబడుతుంది. ఆ కొస తన తల వెనక కనబడేలా కుర్చీ జరుపుకుని, వీడియో కాల్‌లో పరదేశపు క్లయింట్లతో మాట్లాడుతున్నట్టు సాయికృష్ణ పగటి కల కన్నాడు. కలలో క్లయింట్లందరూ "వావ్" అన్నారు.

చిక్కల్లా ఏమిటంటే ఆ గది మీద కమలత్త కన్ను అంతకు ముందే ఉంది. సోమశేఖర్ భార్య కమల ఆ గదిలో పరుపులు వేయించి, పెళ్ళివారి ఆడవాళ్ళు కూర్చుని తీరిగ్గా గాజులు వేసుకుని చూసుకునే చోటు చేయాలని చాలాకాలంగా అడుగుతోంది. కింద దుకాణంలో నిలబడి, వెనక వచ్చేవాళ్ళ మోచేతులు తగులుతూంటే, ఏ పెళ్ళికూతురు మాత్రం ఎంతసేపు చూసుకుంటుంది?

ఇద్దరి మధ్యా నలిగి సోమశేఖర్ ఒక తీర్పు చెప్పాడు.

"శ్రావణంల పెండ్లిండ్ల గిరాకీ వస్తది. సాయిగాడు వెబ్‌సైట్ చేస్తడు. దాని మీద గాజులు అమ్ముడు పోయినయంటే ఆ పైనున్న అర్ర వానిది. పోలేదంటే కమలది. ఇగ దీని మీద ఇంట్ల లొల్లి వద్దు."

"పోతయి మామా, ఫికర్ చెయ్యకు," అన్నాడు సాయికృష్ణ, అప్పటికే గది కొలతలు మనసులో తీసుకుంటూ. "నీ దుకాణాన్ని ఎక్కడికో తీస్కపోత."

"ఎక్కడికీ తీస్కపోకు. ఉన్నకాడనే ఉండనియ్యి," అన్నాడు మామ. "ఒక్కటి మాత్రం యాదుంచుకో. మా దుకాణం పద్ధతి ఫోన్లగూడ ఉండాలె."

లాడ్ బజార్‌లో ఆ పద్ధతి తెలియని దుకాణదారు లేడు. రాళ్ళు పొదిగిన లక్క గాజుల జత ఒక్కోటి ఒక్కో తీరు. అచ్చం అలాంటిదే ఇంకోటి ఉండదు. ఒక ఆమె ఒక జతను చేతిలోకి తీసుకుందంటే, ఆమె కింద పెట్టేదాకా దాన్ని ఇంకొకరికి చూపించరు, ధర చెప్పరు, అమ్మరు. పక్కనున్నామె ఎంత ఆశగా చూసినా "వాళ్ళ చేతుల ఉన్నదమ్మా" అనేస్తారు. ఆమె చేతిలోది వదిలి ఇంకోటి తీసుకుంటే మొదటిది అందరిదీ అవుతుంది. మెట్టు దిగిపోయిందంటే అన్నీ అందరివీ.

సాయికృష్ణ ఆ పద్ధతినే సైటులోకి ఎక్కించాడు. కొనేవాళ్ళు ఫోన్లో ఒక జత బొమ్మను తాకితే దాని పేజీ తెరుచుకుంటుంది. ఆ క్షణం నుంచీ మిగతా అందరికీ ఆ జత మీద "ఇంకొకరి చేతిలో ఉంది" అని కనబడుతుంది. ఆ పేజీలోనే కింద వరసలో ఉన్న ఇంకో జతకు మారితే, పాతది విడుదలై కొత్తది చేతిలోకి వస్తుంది. పేజీ వదిలి పోయేటప్పుడు చేతిలో ఉన్నదాన్ని వదిలేసి పోతారు. చెప్పుకోవడానికి ఇంతే. కానీ సాయికృష్ణ దేన్నీ ఇంతే అని చెప్పేరకం కాదు. మామను, అత్తను కూర్చోబెట్టి బోధ మొదలుపెట్టాడు.

"మామా, పేజీల ఒక్కొక్క ముక్కను కాంపోనెంట్ అంటరు. అది స్క్రీన్ మీదికెల్లి పోయేటప్పుడు ఎన్కకు అంత సాఫ్ చేసి పోవాలె. దాన్ని క్లీనప్ అంటరు. శానామంది ఈడనే బోల్త పడ్తరు. నేను పడ."

"గిరాకీ పోయినంక గాజులు సర్దుతం గద, గట్లనా?" అంది కమల.

"గట్ల కాదత్తా," అన్నాడు సాయికృష్ణ జాలిగా. అచ్చం గట్లనే.

"మరి ఎవరన్నా పట్టుకొని, ఫోను ఆడనే పెట్టి, యాది మరిస్తే? కొంచెంసేపాగి దానంతట అదే ఇడిచేటట్టు పెట్టరాదు?"

అతను నవ్వాడు. ఆ నవ్వు ఉద్యోగంలో ఉన్నప్పుడు వాళ్ళ మేనేజరు దగ్గర నేర్చుకున్నది. పనికొచ్చేది అక్కడ నేర్చుకున్నదల్లా అదొక్కటే. "అత్తా, కోడ్ చేతగానోళ్ళు గట్ల టైమర్లు పెట్టుకుంటరు. నా క్లీనప్ పక్కా. నువ్వు పరుపులు ఇంట్ల ఏసుకో."

పని చేస్తున్నప్పుడు ఒక ముచ్చట జరిగింది. క్లీనప్ రాసిన చోట కంప్యూటరే ఒక పసుపుపచ్చ గీత గీసి హెచ్చరించింది: బాబూ, నువ్వు లోపల వాడుకుంటున్న విలువ మారుతూ ఉంటుంది, ఆ మార్పు సంగతి నువ్వు చూడటం లేదు, అని. ఆ మాట వింటే రాసింది కొంత చెరిపి మళ్ళీ రాయాలి. సాయికృష్ణ గీత వంక చూశాడు. ఆ గీతను ఇక మీదట గీయొద్దని ఒక ముక్క రాశాడు. గీత పోయింది. తప్పు పోయిందనే అనుకున్నాడు. జ్వరమొచ్చినవాడు థర్మామీటరు విసిరి గోడకు కొట్టి పెళ్ళికి బయల్దేరినట్టుంది వ్యవహారం.

తర్వాత పరీక్ష పెట్టాడు. ఎర్ర జత తాకాడు, చేతిలోకి వచ్చింది. వెనక్కి పోయాడు, విడుదలైంది. నీలం జత తాకాడు, వెనక్కి పోయాడు, విడుదలైంది. ఎన్నిసార్లు చేసినా అంతే. తన భుజం తనే తట్టుకున్నాడు. లాడ్ బజార్‌లో పుట్టి పెరిగిన దుకాణానికి అల్లుడై ఉండి, మొదట చేతిలోకి తీసుకున్న జతనే కొనుక్కుని ఇంటికి పోయిన ఆడమనిషిని ఏనాడైనా చూశాడా అని ఒక్క క్షణం ఆలోచించలేదు.

సైటు మొదలైన తొలిరోజుల్లో గాజులు బాగానే పోయాయి. సోమశేఖర్ ఫోనును కండువాతో తుడిచి జేబులో పెట్టుకోవడం నేర్చుకున్నాడు. సాయికృష్ణ పైగదికి వెళ్ళి అట్టపెట్టెలు ఒక మూలకు నెట్టి వచ్చాడు.

తర్వాత సైటులో ఒక్కో జత మీదా "ఇంకొకరి చేతిలో ఉంది" అని పడటం మొదలైంది. పడింది పడినట్టే ఉండిపోయింది. ముందు సోమశేఖర్ మురిసిపోయాడు.

"అల్లుడూ, మస్తు గిరాకీ ఉన్నట్టుంది గదా! అందరూ పట్టుకునే ఉన్నరు!"

"చెప్పిన గద మామా," అన్నాడు సాయికృష్ణ. దీన్ని 'ఎంగేజ్‌మెంట్' అంటారని కూడా చెప్పాడు. నిశ్చితార్థాల బేరమేమోనని మామ ఇంకా మురిశాడు.

పట్టుకున్నవాళ్ళు కొనడం మాత్రం లేదు. పైగా ఇంకో ఉపద్రవం. సోమశేఖర్ మాట మీద నిలబడే మనిషి. ఫోన్లో ఒకరి చేతిలో ఉందంటే, దుకాణంలోనూ ఉన్నట్టే ఆయన లెక్క. మాదన్నపేట నుంచి ఒక పెళ్ళికూతురి తల్లి వచ్చి, బీరువాలో ఎదురుగా తళతళలాడుతున్న పచ్చ జతను చూపించి తీయమంది.

"అది వేరేటోళ్ళ చేతుల ఉన్నదమ్మా," అన్నాడు సోమశేఖర్.

ఆమె బీరువా వంక చూసింది. ఆయన వంక చూసింది. దుకాణంలో ఇంకెవరూ లేరు.

"ఎవరి చేతులండీ? ఇగో, ఈడనే ఉన్నది గద?"

"ఉన్నది. కానీ లేదు," అన్నాడు సోమశేఖర్ నిజాయితీగా.

ఆమె కూతురి చెయ్యి పట్టుకుని, ఈ ముసలాయనకు ఎండ తగిలినట్టుందని గొణుక్కుంటూ, గల్లీ దాటి ఎదురుగా ఎల్లేష్ దుకాణంలోకి పోయింది. ఆమె వెనకే ఇంకొకామె. ఆమె వెనక ఇంకో కుటుంబం. ఎల్లేష్ గాజులు చూపించలేక చెమటలు కక్కుతున్నాడు. సోమశేఖర్ బీరువా నిండా గాజులు పెట్టుకుని ఈగలు తోలుకుంటున్నాడు.

"ఏందిరా సాయి గిది?" అని అడిగాడు చివరికి. "ఎవరు పట్టుకున్నరు ఇన్ని జతలు? ఎందుకు ఇడుస్తలేరు?"

ఇక్కడ సాయికృష్ణ తను రాసింది ఒక్కసారి తెరిచి చూసుకుని ఉంటే కథ అయిపోయేది. కానీ తెరవాలంటే అందులో తప్పు ఉండవచ్చని ముందు అనుకోవాలి. అది అతనికి పుట్టుకతో రాని విద్య. మొదట కొనేవాళ్ళను తిట్టాడు: మన జనానికి ఫోను వాడటం రాదన్నాడు. తర్వాత నెట్‌ను తిట్టాడు: పాతబస్తీలో సిగ్నల్ అంతే అన్నాడు. మామ ఇంకా చూస్తూనే ఉన్నాడు. గది చేజారుతోంది. అప్పుడతని కళ్ళు గల్లీ అవతలికి పోయాయి.

"మామా, ఒక మాట చెప్త. మన జతలు ఆగితే లాభం ఎవరికి?"

"ఎవరికి?"

సాయికృష్ణ నోటితో చెప్పలేదు. గడ్డం ఎత్తి ఎదురు దుకాణం వైపు చూపించాడు. "ఒక్కడు ఫోను పట్టుకొని కూసుంటే సాలు, మన దుకాణమంత పట్టుకోవచ్చు. కావాల్నని చేస్తున్నరు. టెక్నికల్‌గ దీన్ని అటాక్ అంటరు."

టెక్నికల్‌గా దీన్ని కొండెం అంటారు. కానీ సోమశేఖర్‌కు ఆ తేడా తెలియదు. అల్లుడు చదువుకున్నవాడు, ఇంగ్లీషులో చెప్పాడు, కాబట్టి అది నిజం. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్టు దిగి గల్లీ దాటాడు.

"ఎల్లేష్! బయటికి రా! నా గాజులు ఇడువు!"

ఎల్లేష్ ఒక ముసలావిడ ముంజేతికి సబ్బునీళ్ళు రాసి గాజు ఎక్కిస్తున్నాడు. గాజు సగంలో ఆగిపోయింది. "ఏం గాజులన్నా?"

"నాటకాలు చెయ్యకు! ఫోన్ల పట్టుకున్నవు గద, అవి! ఇన్నేండ్ల సంది ఎదురుబొదురు కూసుంటున్నం. నీ కొడుకు పెండ్లికి కోడలి చేతులకు గాజులు నేనే ఏసిన. నా బేరం కొడ్తవా?"

"శేఖరన్నా, నీకేమన్న అయిందా? నాకు ఆ ఫోను ఎత్తుడు, పెట్టుడు తప్ప ఏం రాదు!"

గల్లీలో జనం ఆగిపోయారు. కొనేవాళ్ళు కొనడం మానేసి చూశారు. రెండు దుకాణాల అవతల అత్తరు అమ్మే ఖాదర్ భాయ్, అంత మంచి వినోదం దూరం నుంచి చూడటం ఇష్టం లేక, నేరుగా మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"అరె శేఖర్ భాయ్, క్యా హువా? గాజుల కోసం మొగోళ్ళు కొట్లాడితే ఆడోళ్ళు ఏం చెయ్యాలె?"

"ఈయన నా జతలు పట్టుకొని ఇడుస్తలేడు భాయ్! సాయి చెప్పిండు. కంపూటర్ల కనబడ్డది."

"కంపూటర్ల ఎల్లేష్ మొఖం కనబడ్డదా?" అని అడిగాడు ఖాదర్ భాయ్, సాయికృష్ణ వైపు తిరిగి.

సాయికృష్ణకు ఎవరి మొహమూ కనబడలేదు. అయినా వెనక్కి తగ్గే ఘట్టం దాటిపోయింది. "ప్రూవ్ చేస్త," అన్నాడు. దుకాణంలోంచి ల్యాప్‌టాప్ తెచ్చి, ఎల్లేష్ దుకాణం గల్లాపెట్టె మీద అందరికీ కనబడేలా పెట్టాడు. అందులో ఏ జత ఎవరి చేతిలో ఉందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. ఎన్నాళ్ళ నుంచో పట్టుకున్నట్టున్న జతలన్నిటినీ తనే విడిపించేశాడు. తెర అంతా ఖాళీ. "ఇప్పుడు అన్నీ ఫ్రీ. నా సైటు ఎంత పక్కాగ నడుస్తదో అందరి ముంగట చూపిస్త. సైటు తప్పు కాదని తేలితే, ఇగ తప్పు ఎవరిదో మీరే చెప్పున్రి."

"నా ఫోన్లనే చూపియ్యి," అన్నాడు ఎల్లేష్. కడుపు మండి ఉన్నాడు. "ఎట్ల పట్టుకుంటరో నేర్పు. నేర్చుకోకుంటనే దొంగనయిన, నేర్చుకొని అయిత."

జనం నవ్వారు. సాయికృష్ణ అతని ఫోనులో సైటు తెరిచి ఇచ్చాడు. ఎల్లేష్ బొటనవేలితో ఎర్ర జతను తాకాడు. ల్యాప్‌టాప్ మీద ఎర్ర జత పక్కన "చేతిలో ఉంది" అని వెలిగింది. సాయికృష్ణ గర్వంగా అందరి వంకా చూశాడు.

"ఇంక కొను," అన్నాడు ఖాదర్ భాయ్.

"ఎర్రదా? నాకు నచ్చలే," అన్నాడు ఎల్లేష్, ఆడవాళ్ళు మూతి తిప్పినట్టు తిప్పి. "రాళ్ళు దగ్గెర దగ్గెర లేవు. ఆ పచ్చది చూపియ్యున్రి." కింద వరసలో పచ్చ జతను తాకాడు. ల్యాప్‌టాప్ మీద ఎర్రది ఆరిపోయింది, పచ్చది వెలిగింది. ఇప్పటికీ పక్కాగానే ఉంది.

"ఇది గూడ వద్దు. శేఖరన్న దుకాణంల సరుకే బాగలేదు, పోదాం పా," అని ఫోనులో వెనక్కి నొక్కాడు. పేజీ పోయింది.

ల్యాప్‌టాప్ మీద పచ్చ జత వెలుగుతూనే ఉంది.

అందరూ కాసేపు ఆగారు. సాయికృష్ణ కూడా ఆగాడు. పచ్చది ఆరలేదు. ఎల్లేష్ ఫోను గల్లాపెట్టె మీద బోర్లా పెట్టి, రెండు చేతులూ ఎత్తి, అరచేతులు, వెనక్కి తిప్పి చేతి వెనకలు, మళ్ళీ అరచేతులు అందరికీ చూపించాడు. "అన్నా, చూస్కో. అంగీ జేబులు గూడ చూస్కో."

"హాథ్ తో ఖాలీ హై శేఖర్ భాయ్," అన్నాడు ఖాదర్ భాయ్ బరువుగా, శవ పంచనామా చేస్తున్నవాడిలా.

సాయికృష్ణకు సంగతి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కంప్యూటరు గీస్తే తను గీయొద్దన్న ఆ పసుపు గీతే ఇది. పేజీ తెరుచుకున్నప్పుడు క్లీనప్ అనే పనివాణ్ణి అతనే తలుపు దగ్గర నిలబెట్టాడు. అప్పుడు చేతిలో ఉన్నది ఎర్ర జత. "పోయేటప్పుడు ఎర్ర జత వదిలించు" అని వాడికి చెప్పి, ఇక మళ్ళీ వాడి మొహం చూడలేదు. లోపల జత మారింది, పచ్చదైంది, ఇంకేదో అయ్యింది. తలుపు దగ్గరున్నవాడికి ఆ కబురు చేరే దారే లేదు. పేజీ ముగిసేవేళ వాడు ఎప్పటిదో పాత మాట పట్టుకుని, ఎప్పుడో వదిలేసిన ఎర్ర జతను ఇంకోసారి వదిలించి, పని ముగించి పోతాడు. చివరికి చేతిలో ఉన్న పచ్చది ఎవరి చేతిలోనూ లేకుండా, అందరికీ చేతిలో ఉన్నట్టే కనబడుతూ మిగిలిపోతుంది. ఒకటి తాకి, దాన్నే వదిలిపోయే మనిషికి సైటు బంగారంలా నడుస్తుంది. అలాంటి మనిషి ప్రపంచం మొత్తానికి సాయికృష్ణ ఒక్కడే, అదీ పరీక్ష పెట్టుకున్న రోజున.

ఇప్పుడు చెప్పేయొచ్చు. గల్లీ గల్లీ అంతా చెవులు రిక్కించి ఉంది. చెబితే గది పోతుంది. చెప్పకపోతే ఎల్లేష్ పోతాడు. సాయికృష్ణ రెండూ తూకం వేశాడు. గది బరువుగా తోచింది.

"ఈయన ఫోను పాతది," అన్నాడు. "గందుకే."

ఖాదర్ భాయ్ జేబులోంచి తన కొత్త ఫోను తీశాడు. బిడ్డ కొనిపెట్టిందని రోజూ అందరికీ చూపించేదే, ఇవాళ పనికొచ్చింది. అతను నీలం తాకాడు, తెల్లదానికి మారాడు, "ఛీ, తెల్లది మాపు కనబడ్తది," అని వెనక్కి పోయాడు. తెల్ల జత వెలుగుతూ మిగిలింది.

"నాది గూడ పాతదేనా బేటా?"

అప్పటికి కమలత్త కూడా గల్లీ దాటి వచ్చింది. ఆమె ఫోను సాయికృష్ణే ఏరి కొనిపెట్టినది. ఆమె ఒకటి తాకి, ఇంకోటికి మారి, వెనక్కి పోయి, తెర అతని వైపు తిప్పింది. గంధం రంగు జత వెలుగుతూ ఉంది.

"ఎవరి చేతుల ఉన్నయిరా ఇవి?" అన్నాడు సోమశేఖర్. గొంతులో అరుపు లేదు. అది ఇంకా భయంగా ఉంది.

"మామా, అది స్టేల్ స్టేట్ అని... ఒక ఎడ్జ్ కేస్..."

"తెలుగుల చెప్పు."

"పోయేటప్పుడు ఇప్పుడు పట్టుకున్నదాన్ని ఇడువాలె. అది... మొదలు పట్టుకున్నదాన్నే ఇడుస్తున్నది. పాత సంగతే యాదుంచుకుంటున్నది."

"అంటే ఎవ్వల చేతుల లేవు."

"లేవు."

"ఎల్లేష్ పట్టుకోలే."

"పట్టుకోలే."

"నీకు ఎప్పుడు ఎరుక అయింది?"

సాయికృష్ణ ల్యాప్‌టాప్ మూత వేయబోయాడు.

"ఈయన ఫోను పాతదని చెప్పకముందే ఎరుక," అని కమలత్త అతని బదులు చెప్పింది. "మొఖం చూస్తే తెల్వదా?"

సోమశేఖర్ వట్టికాళ్ళతో నడిగల్లీలో నిలబడి ఎల్లేష్ వంక చూశాడు. చివరికి ఎల్లేష్ చెయ్యి పట్టుకుని, "తమ్మీ, చాయ్ తాగుదాం," అన్నాడు. లాడ్ బజార్‌లో క్షమాపణ అంటే అంతకన్నా పొడుగ్గా ఎవరూ చెప్పరు.

ఎల్లేష్ మాత్రం ఊరికే వదిలే మనిషి కాదు. చాయ్ వచ్చాక గ్లాసు ఎత్తి సాయికృష్ణకు చూపించాడు. "అల్లుడూ, ఇది నా చేతులనే ఉన్నది, రాస్కో. ఖతం అయినంక చెప్త, చెరిపేయి. మొదలు తాగిన గ్లాసు పేరు చెప్పేవు!"

నవ్వని వాడు గల్లీలో సాయికృష్ణ ఒక్కడే. ఎల్లేష్ ఎక్కిస్తున్న గాజు ముంజేతి దగ్గర సగంలో ఆగిపోయిన ముసలావిడ కూడా నవ్వింది. ఆ నవ్వులో గాజు దానంతట అదే ఎక్కేసింది.

సాయికృష్ణ అక్కడే మెట్టు మీద కూర్చుని తప్పు సరిచేశాడు. తలుపు దగ్గరి పనివాడు పాత మాట పట్టుకుపోకుండా, పోయే క్షణంలో చేతిలో ఏముందో చూసుకుని అదే వదిలేటట్టు చేశాడు. రాయాల్సింది కొంచెమే. ఆ కొంచెం రాయకుండా ఉండటానికి అతను ఎంత పని చేశాడో చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. ఖాదర్ భాయ్ ఎర్ర, పచ్చ, నీలం, తెలుపు అన్నీ అటూ ఇటూ మార్చి మార్చి చూసి, అన్నీ వదిలిపోతున్నాయని, చేతులు దులుపుకుని దుకాణానికి పోయాడు.

"నేను అడిగినది గూడ పెట్టు," అంది కమలత్త. "పట్టుకొని మరిచిపోయినోళ్ళది దానంతట అదే ఇడిచేది."

అదీ పెట్టాడు. పెట్టాక, "ఇది వెర్షన్ టూ మామా, నాకే తట్టింది," అన్నాడు. అత్త విననట్టే ఉంది. ఆమెకు కావలసింది వేరే.

సాయంత్రం దుకాణంలో జనం మళ్ళీ నిండారు. ఆ సందడిలో సాయికృష్ణ మామ దగ్గరికి చేరి గొంతు తగ్గించాడు. "మామా, సైటు ఇప్పుడు పక్కా. ఈ శ్రావణంల మస్తు పోతయి. నువ్వు పెట్టిన షరతు గూడ గదే గద. మీది అర్ర..."

సోమశేఖర్ ఒక జతకు దారం కడుతూ తలెత్తలేదు.

"గాజులు పోతయిరా. నాకు అనుమానం లేదు. పని వచ్చినోనివే నువ్వు."

"మరి అర్ర?"

"అర్ర కమలది."

"షరతు ప్రకారం..."

"ఆ అర్ర కిటికీ యాడికి తెరుస్తదిరా? సీదా ఎల్లేష్ దుకాణం మీదికి. రేపు ఇంకోటి ఖరాబైతది, అయితనే ఉంటది, నాకు ఎరుకే. నువ్వు ఆ కిటికీల కూసొని మళ్ళ వేలు చూపిస్తవు. నేను మళ్ళ వట్టికాళ్ళతోని ఉరుకుత. నాకు ఈ వయసుల గంత ఓపిక లేదు. నువ్వు కిందనే, ఈడ నా పక్కకు స్టూలు మీద కూసో. ఏదన్న ఖరాబైతే ముందుగాల నీ దిక్కు చూస్త, తరువాత గల్లీ దిక్కు."

అప్పటికే కమలత్త అట్టపెట్టెలు కిందికి విసిరేయిస్తోంది. పెళ్ళివారి ఆడవాళ్ళు నవ్వుకుంటూ మెట్లెక్కుతున్నారు. అతని ఒళ్ళో ల్యాప్‌టాప్, మోకాళ్ళ దగ్గర కొనేవాళ్ళ సంచులు, చెవి పక్కన గాజుల గలగల. ఎవరో ఒకామె అతన్ని స్టూలుతో సహా పక్కకు జరిపి అద్దంలో తన చెయ్యి చూసుకుంది.

ఇంతలో ఫోను మోగింది. పాత ఉద్యోగంలో తోటివాడు శ్రవణ్.

"ఏంరా సాయి, కంపెనీ ఎట్లున్నది? ఆఫీస్ తీస్కున్నవా?"

సాయికృష్ణ స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. కాలర్ సవరించుకున్నాడు. జరిగింది ఏమీ జరగనట్టే, గొంతులోకి ఆ పాత నవ్వు తెచ్చుకున్నాడు.

"ఆఫీస్ ఏందిరా, అదంత పాత మోడల్. క్లయింట్ వదుల్తలేడు. నన్ను తన పక్కనే కూసోపెట్టుకున్నడు. ఆన్‌సైట్‌ల ఉన్న."

"ఆన్‌సైటా! మస్తు రా! యాడ?"

అతను జవాబు చెప్పేలోపు పై గది మెట్ల మీంచి కమలత్త కేక, ఫోను అవతలికి కూడా వినబడేంత గట్టిగా వచ్చింది.

"ఓ ఆన్‌సైటూ! ఆ పచ్చ జత జర మీదికి అందియ్యి! ఈడ పెండ్లిపిల్ల చెయ్యి చాపుకొని కూసున్నది!"